పాత తలుపు మీది చెక్కడాన్ని టచ్ ప్రోబ్‌తో స్కాన్ చేసి 3018 మెషిన్‌లో మళ్లీ చెక్కొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ దగ్గర గర్బల్ (మోటార్లను నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్) మీద నడిచే 3018 సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే చిన్న మెషిన్, ఉంది. తాతగారి ఇంటి రెండు రెక్కల టేకు తలుపులో ఒక రెక్క మీది పద్మాన్ని చెదలు తినేశాయి, రెండో రెక్క మీది పద్మం బాగానే ఉంది. సుమారు 12 సెంటీమీటర్ల చదరం, లోతు 8 మి.మీ. దాకా ఉంటుంది. బాగున్నదాన్ని ప్రోబ్‌తో, అంటే వస్తువును తాకి ఎత్తులు కొలిచే పరికరంతో, స్కాన్ చేసి, కొత్త టేకు ముక్క మీద చెక్కి, పోయినచోట బిగించాలని మీ ఆలోచన. ఏ ప్రోబ్ కొనాలి, ఎంతసేపు పడుతుంది, ఇంత తంటా ఎందుకు, ఫోన్‌తో స్కాన్ చేస్తే సరిపోదా అని అడిగారు.

అవుతుందండి. చిన్నదై, పలక మీద ఉబ్బెత్తుగా ఉండి, కదలకుండా బిగించగలిగే వస్తువైతే ప్రోబ్ మంచి పనిముట్టే. పాయింటుకీ పాయింటుకీ మధ్య 1 మి.మీ. ఎడంతో కొలిస్తే మీ పద్మానికి 8 గంటలు పడుతుంది. ఏ ప్రోబ్ అన్నదానికంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది: ప్రోబ్ కొసన ఉండే బాల్ సైజు, మీరు చెక్కబోయే బాల్ నోస్ బిట్టు (కొస గుండ్రంగా ఉండే కోత బిట్టు) సైజు ఒక్కటే అయ్యుండాలి. ఇది కుదిరితే సాఫ్ట్‌వేర్ గోల సగానికి సగం తప్పుతుంది. కుదరక, సాఫ్ట్‌వేర్‌లో సవరణా చేయకపోతే స్కాన్ ఎంత బాగా వచ్చినా చెక్కినది ఒరిజినల్‌లా ఉండదు, ఎందుకుండలేదో తెలియక తల పట్టుకుంటారు.

ఎందుకో చెప్తాను. ప్రోబ్ మీకు ఇచ్చేది చెక్క ఉపరితలం కాదు. బాల్ చెక్కకు తగిలిన క్షణంలో స్పిండిల్ (బిట్టునో ప్రోబ్‌నో బిగించే, తిరిగే భాగం) ఎక్కడుందో, అంటే బాల్ మధ్యబిందువు ఎక్కడుందో ఇస్తుంది. చదునైన చోట తేడా ఏమీ ఉండదు, ఎందుకంటే తగిలేది బాల్ అడుగుభాగమే. కానీ రేకు వాలు మీద బాల్ పక్కభాగం తగులుతుంది. అప్పుడు బాల్ అడుగు ఇంకా గాలిలోనే ఉంటుంది, మెషిన్ మాత్రం ఆ ఎత్తునే రాసుకుంటుంది. దాంతో ఫైల్లో ఉబ్బుగా ఉన్నవన్నీ కాస్త లావెక్కుతాయి, గాడులన్నీ కాస్త సన్నబడతాయి.

ఇప్పుడు అదే సైజు బాల్ నోస్ బిట్టును సరిగ్గా అదే దారిలో నడిపించారనుకోండి. కొలిచేటప్పుడు బాల్ ఎంత పక్కకు జరిగి ఉందో, కోసేటప్పుడు బిట్టు కూడా అంతే పక్కకు జరిగి ఉంటుంది. రెండూ కొట్టేసుకుంటాయి. తాళంచెవులకు డూప్లికేట్ చేసే మెషిన్ చూశారు కదా, ఒక పక్క అసలు చెవిని తడిమే ముల్లు, ఇంకో పక్క కోసే చక్రం, రెండింటి అంచూ ఒకే ఆకారం. లెక్కలేమీ లేకుండా చెవి దిగిపోయేది అందుకే. మనం చేసేదీ అదే పని, కాకపోతే తడమడం ఒక రోజు, కోయడం ఇంకో రోజు.

ఈ సౌకర్యం ఎక్కడిదాకా వర్తిస్తుందో కూడా తెలుసుకోండి. ఎడమ కుడి తిప్పి అద్దంలో బొమ్మలా చెక్కుకోవచ్చు, ఎక్స్ (ఎడమ కుడి దిశ) విలువల గుర్తు మారిస్తే చాలు, బాల్ అన్నివైపులా ఒకటే కాబట్టి ఏమీ చెడదు. రెండు రెక్కల తలుపుల్లో బొమ్మలు చాలాసార్లు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. మీ పద్మం పక్కన తీగగానీ, చిలుకగానీ ఉంటే ముందే చూసుకోండి. సైజు పెంచాలంటే మాత్రం బిట్టు కూడా అంతే పెరగాలి: రెట్టింపు పద్మానికి రెట్టింపు బిట్టు. ఇక అచ్చు చేద్దామని జెడ్‌ను (ఎత్తు విలువలను) తలకిందులు చేస్తే తేడా కొట్టేసుకోదు, రెట్టింపవుతుంది. 3 మి.మీ. బాల్‌తో కొలిచి, తిప్పేసి, 3 మి.మీ. బిట్టుతో కోస్తే అచ్చులోని గుంట గోడలు అన్నివైపులా 3 మి.మీ. బయటకు జరిగిపోతాయి. అచ్చులు చేసేవాళ్లకు సాఫ్ట్‌వేర్‌లో సవరణ తప్పదు.

సైజు ఎంత పెట్టుకోవాలి? మీ 3018లో దొరికే కాలెట్‌కు (బిట్టును పట్టుకునే పిడికి) 3.175 మి.మీ., అంటే 1/8 అంగుళం షాంక్ (కాడ) ఉన్న బిట్లు పడతాయి. అదే సైజు బాల్ నోస్ తీసుకోండి. ప్రోబ్‌కు అదే సైజు బాల్ ఉన్న స్టైలస్ (ప్రోబ్ కింద ఉండి వస్తువును తాకే పుల్ల) దొరికితే సరే. దొరక్కపోతే సైకిల్ రిపేరు షాపుకు వెళ్లి ఫ్రీవీల్‌లో వేసే 1/8 అంగుళం గుళ్లు అడగండి. స్టైలస్ కొసన ఉన్న చిన్న బాల్ తీసేసి, 2 మి.మీ. స్టీలు కడ్డీ చివర కొంచెం గుంట చేసి, ఆ గుండును ఎపాక్సీతో నిలబెట్టండి. కడ్డీ బాల్ కన్నా సన్నగానే ఉండాలి. లేకపోతే లోతైన చోట బాల్‌కు బదులు కడ్డీ తగులుతుంది, అది తగిలిందని మీకెవరూ చెప్పరు.

ఆ బాల్ దూరని గాడులు స్కాన్‌లో రావు. రేకుల మధ్య 1 మి.మీ. వెడల్పు గీతలుంటే వాటి పైఅంచుల మీదే బాల్ కూర్చుంటుంది. చిన్న బాల్ పెట్టుకోవచ్చుగా అంటారేమో. పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు పాయింట్ల మధ్య ఎడం కూడా తగ్గించాలి, సమయం చూడండి ఏమవుతుందో. 120 మి.మీ. చదరానికి 1 మి.మీ. ఎడం పెడితే వరసకు 121 పాయింట్లు, 121 వరసలు, మొత్తం 14,641 పాయింట్లు. లేవడం, జరగడం, దిగడం కలిపి పాయింటుకు 2 సెకన్లు వేసుకుంటే 8 గంటల పైచిలుకు. ఎడం 0.5కి తగ్గించారా, 58,081 పాయింట్లు, 32 గంటలు. ఎడం సగమైతే సమయం నాలుగింతలు. అందుకే నేను ఆ సన్న గీతలను ప్రోబ్‌కు వదలను. మెషిన్ రేకుల వంపు చెక్కి ఇస్తుంది, గీతలు సన్న ఉలితో చేత్తో తీస్తాను. చేతి చెక్కడం పక్కన మెషిన్ చెక్కడం తేలిపోకుండా ఉండాలంటే కూడా అదే మేలు.

1 మి.మీ. ఎడం సరిపోతుందా అని అనుమానం రావచ్చు. 3 మి.మీ. బాల్ నోస్ 1 మి.మీ. ఎడంతో నడిస్తే వరసల మధ్య మిగిలే గట్టు ఎత్తు 0.09 మి.మీ. లోపే. ఎమెరీ పేపర్‌కు అదొక లెక్కే కాదు.

ఇక ప్రోబ్ సంగతి. బజారులో దొరికే ప్రోబుల్లో ఎక్కువ భాగం పాత పద్ధతే: లోపల మూడు కడ్డీలు, ఒక్కో కడ్డీ రెండేసి బాల్స్ మీద కూర్చుంటుంది, స్ప్రింగు కిందికి నొక్కి ఉంచుతుంది. కరెంటు ఈ ఆరు చోట్ల గుండా వరసగా వెళ్తుంది. స్టైలస్ ఎటు కదిలినా ఏదో ఒకచోట లింకు తెగుతుంది, తగిలినట్టు కబురు అందుతుంది. కాంకార్డ్ విమానం ఇంజిన్ల పైపులు కొలవడానికి 1970ల మొదట్లో డేవిడ్ మెక్‌మర్ట్రీ తయారుచేసిన ఆలోచన ఇది. ఆయన పెట్టిన రెనిషా కంపెనీ ఇప్పటికీ ప్రోబులు చేస్తోంది. మీ పనికి ఆ స్థాయి అక్కర్లేదు, ఈ పద్ధతిలో చేసిన మామూలు హాబీ ప్రోబ్ చాలు. కొనేటప్పుడు రెండు చూడండి. మామూలుగా ఉన్నప్పుడు సర్క్యూట్ మూసి ఉండి, తగిలితే తెరుచుకునే రకం తీసుకోండి. వైరు ఊడినా మెషిన్ తగిలిందనుకుని ఆగిపోతుంది. తిరగేసి ఉండే రకమైతే వైరు ఊడిన సంగతి తెలియక స్టైలస్‌ను విరిచేదాకా దిగుతుంది. రెండోది, స్టైలస్ పొట్టిగా ఉండాలి. మీ మెషిన్‌కు జెడ్ ప్రయాణమే 45 మి.మీ. దగ్గర, ప్రోబ్ ఒళ్లే అందులో చాలా తినేస్తుంది. పైగా స్టైలస్ పొడవయ్యేకొద్దీ పక్కనుంచి తగిలినప్పుడు ఎక్కువ వంగి ఆలస్యంగా కబురిస్తుంది.

ఇత్తడి, రాగి వస్తువులకైతే ప్రోబే కొననక్కర్లేదు. వస్తువుకు ఒక వైరు, సూదికి ఒక వైరు ఇస్తే తగలడమే స్విచ్. మీది చెక్క కాబట్టి ఆ దారి లేదు.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. తలుపు మీ మెషిన్‌లో పట్టదు. మెషిన్‌నే తలుపు మీద పెట్టేద్దామంటే అదీ కుదరదు, 3018లో వై దిశలో (ముందుకూ వెనక్కూ) కదిలేది వస్తువును బిగించే బెడ్డే. పాత తలుపుల్లో పలకను చట్రం గాడిలో కూర్చోబెడతారు కాబట్టి తెలిసిన వడ్రంగి చీలలు తీసి పలకను బయటికి లాగగలడు. కానీ బాగున్న రెక్కను విప్పమని నేను చెప్పను. నూరేళ్ల టేకు, మళ్లీ బిగించేటప్పుడు అంచు చీలితే రెండు పద్మాలూ పోతాయి.

దానికి బదులు అచ్చు తీయండి. తలుపు రెక్కను బందుల నుంచి దించి పడుకోబెట్టండి. ముందు శుభ్రం చేయాలి. ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ఏళ్ల తరబడి పెట్టిన పసుపూ కుంకుమా, ఆ పైన నూనె, ఆ పైన సున్నం చుక్కలూ, రంగులూ అన్నీ కలిసి రేకుల మొదట్లో గట్టిపడి కూర్చుంటాయి. నేను చూసిన ఒక పాత ద్వారబంధం మీది పద్మంలో రేకుల మధ్య గాడి అని అందరూ అనుకున్నది అసలు లోతులో సగమే. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాసేపు తడిపి, పాత టూత్‌బ్రష్‌తో నెమ్మదిగా రుద్దితే ఎర్రటి పేస్టులా ఊడి వచ్చింది, కింద వడ్రంగి ఉలి గుర్తులు బయటపడ్డాయి. అది తీయకుండా స్కాన్ చేస్తే మీరు కాపీ చేసేది పద్మాన్ని కాదు, దాని మీది పొరని.

బాగా ఆరాక, చుట్టూ మైనపు మట్టితో గట్టు కట్టి, పలచగా వేజలిన్ రాసి, మోల్డులకు వాడే ఆర్‌టీవీ (గది వేడిలోనే గట్టిపడే) సిలికాన్ పోయండి. మొదటి పూత బ్రష్‌తో పలచగా వేస్తే బుడగలు రావు. ముందు తలుపు వెనకవైపు ఒక మూల కొంచెం వేసి, మరక పడుతుందో లేదో చూసుకోండి. సిలికాన్ మెత్తన కాబట్టి అది ఊడదీసే ముందే దాని వీపున ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పోసి గట్టి తొట్టి చేయండి, లేకపోతే పోత పోసేటప్పుడు అచ్చు వంగిపోతుంది. పోత మాత్రం ప్లాస్టర్‌తో వద్దు, పళ్ల డాక్టర్ల సామాను అమ్మే షాపుల్లో దొరికే డెంటల్ స్టోన్‌తో పోయండి. ప్లాస్టర్ మీద ప్రోబ్ తాకిన ప్రతిచోటా చుక్క పడి పొడి రాలుతుంది, ఆ పొడి బాల్‌కు అంటుకుంటుంది. డెంటల్ స్టోన్ దానికన్నా చాలా గట్టి. ఆరాక పలచగా ఒక పూత షెల్లాక్ పాలిష్ వేస్తే ఇంకా నయం. పోత గట్టిపడ్డాక పద్మం ఉన్న వైపే ఒక మూల చిన్న స్టీలు గుండును ఎపాక్సీతో అతికించి ఉంచండి. దాని అవసరం తరవాత వస్తుంది.

ఫోన్‌తో స్కాన్ అన్నారు. దాన్ని తీసిపారేయను. చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీసి మెష్‌రూమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే చాలా వస్తువులకు ప్రోబ్ కన్నా బాగా వస్తుంది, గంటల తరబడి కాపలా కాయక్కర్లేదు. కొండపల్లి బొమ్మ లాంటిది, అన్నివైపులా ఆకారం ఉన్నదైతే ప్రోబ్ మాటే ఎత్తకండి. ప్రోబ్ పైనుంచి కిందికే చూస్తుంది, చేతి కింద, గడ్డం కింద ఉన్నది దానికి కనపడదు. కొన్ని ఐఫోన్లలో ఉండే లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సార్) మాత్రం ఈ పనికి పనికిరాదు, అది గది కొలవడానికి, 8 మి.మీ. పద్మానికి కాదు. ఫొటోల పద్ధతి తేలిపోయేది నల్లగా నిగనిగలాడే వాటి దగ్గర. పాలిష్ పెట్టిన నల్లరాయి మీది లోతు తక్కువ చెక్కడాన్ని ఫొటోలతో ప్రయత్నిస్తే సాఫ్ట్‌వేర్ ప్రతిబింబాలను కూడా గుంటలుగా చూపించింది. ప్రోబ్‌కు రంగుతో, మెరుపుతో పనిలేదు. మీకు నేను ప్రోబే చెప్పడానికి కారణం వేరే. చెక్కిన ముక్క పక్క రెక్క మీదిదానితో జతపడాలి. ఫొటోల స్కాన్‌లో సైజు మీరు కొలిచి చెప్పాలి, అంచులు కరిగినట్టు వస్తాయి, పైగా బాల్ బిట్టు సరిపోలే సౌకర్యం అక్కడ లేదు.

ప్రోబూ వద్దు, ఫోనూ వద్దు అనే సందర్భం కూడా ఉంది. పెడన కలంకారీ అద్దకం అచ్చు, టేకుదే, పాతబడి అరిగిందని కాపీ చేయమని నాకు ఒకరు ఇచ్చారు. నిటారుగా నిలిచిన గోడలు, మిల్లీమీటరు గీతలు. ప్రోబ్‌తో కొలిస్తే గీతలన్నీ లావెక్కి పువ్వు ముద్దలా వచ్చేది. ఆలోచిస్తే ఆ అచ్చులో రంగు అద్దేది పైతలం ఒక్కటే, లోతు ఎంతున్నా పర్లేదు. స్టాంప్ ప్యాడ్ సిరా రాసి తెల్ల కాగితం మీద అద్ది, ఆ కాగితాన్ని మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో పెట్టి, గీతలను వెక్టర్‌గా (మెషిన్ నడవగల గీతల ఫైలుగా) మార్చి చెక్కాం. మూడు కొలతల వస్తువు కనిపించగానే మూడు కొలతల స్కాన్ అనుకోనక్కర్లేదు.

సరే, మీ పద్మం. మొదలుపెట్టే ముందు స్పిండిల్ కరెంటు వైరు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. ఫైల్లో ఎక్కడో ఎమ్3 (స్పిండిల్‌ను తిప్పే ఆదేశం) ఉండిపోతే ప్రోబ్ గిర్రున తిరిగి వైరుతో సహా చుట్టుకుంటుంది. స్పిండిల్ షాఫ్ట్ తిరగకుండా టేపు కూడా వేయండి. ప్రోబ్ బాల్ స్పిండిల్ మధ్యలోనే ఉండదు, కొంచెం పక్కకు ఉంటుంది. స్కాన్ మొత్తం ఒకేవైపు పక్కకు ఉంటే బొమ్మ అంతా ఒకేలా జరుగుతుంది, నష్టం లేదు. మధ్యలో షాఫ్ట్ తిరిగితే బొమ్మ రెండుగా విడిపోతుంది.

ఆర్డుయినో ఊనో బోర్డు మీద గర్బల్ 1.1 అయితే ప్రోబ్ వైరు ఏ5 పిన్నుకు, గ్రౌండుకు వెళ్తుంది. 3018తో వచ్చే బోర్డుల్లో దీనికి విడిగా సాకెట్ ఉండొచ్చు, చూసుకోండి. ప్రోబ్‌ను వేలితో కదిపి, సెండర్ (మెషిన్‌కు ఆదేశాలు పంపే కంప్యూటర్ ప్రోగ్రాం) తెరమీద పిన్నుల దగ్గర పి అక్షరం వస్తోందో లేదో చూడండి. వేలు పెట్టకముందే వస్తే డాలర్ 6 ($6) సెట్టింగు, అంటే ప్రోబ్ సిగ్నల్‌ను తిరగేసేది, మార్చండి. అది సరిచూడకుండా జి38.2 (ప్రోబ్ తగిలేదాకా జరగమనే ఆదేశం) ఇస్తే అలారం 4 వచ్చి ఆగుతుంది.

ఇక్కడో చిన్న ఉపాయం. జి38.2 కిందికి దిగి ఏమీ తగలకపోతే అలారం 5 ఇచ్చి మొత్తం ఆపేస్తుంది. జి38.3 అదే పని చేస్తుంది కానీ తగలకపోయినా అలారం ఇవ్వదు. స్కాన్‌కు ఎప్పుడూ రెండోదే వాడండి. పాయింటుకీ పాయింటుకీ మధ్య అడ్డంగా జరగడానికి కూడా జి0 (మామూలుగా వేగంగా జరిపే ఆదేశం) కాకుండా జి38.3 వాడితే ఇంకా మంచిది. వాలు 60 డిగ్రీలుంటే 1 మి.మీ. పక్కకు జరిగేసరికి చెక్క 1.7 మి.మీ. పైకి లేస్తుంది. మీరు 1 మి.మీ. మాత్రమే ఎత్తి జరిగితే ప్రోబ్ వెళ్లి గోడకు గుద్దుకుంటుంది. జి38.3తో జరిగితే తగలగానే ఆగుతుంది, కంప్యూటర్‌లో నడిచే స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రాం) దాన్ని ఇంకొంచెం ఎత్తి మళ్లీ జరుపుతుంది. ప్రతిసారీ పైదాకా ఎత్తితే ఈ బెడద లేదు కానీ 8 గంటలు 20 గంటలవుతాయి. గర్బల్‌కు బదులు లైనక్స్‌సీఎన్‌సీ వాడేవాళ్లకు ఇలాంటి నమూనా ప్రోగ్రాములు దాంతోపాటే వస్తాయి, పాయింట్లు ఫైల్లోకి రాయడానికి ప్రోబ్‌ఓపెన్ ఆదేశం కూడా ఉంది. గర్బల్‌లో అదేదీ లేదు. తగిలిన ప్రతిసారీ పీఆర్‌బీ అనే ముక్కతో ఎక్స్, వై, జెడ్ వెనక్కి పంపుతుంది, వాటిని ఏరి దాచుకోవడం కంప్యూటర్ పని. పైథాన్‌లో యాభై లైన్ల స్క్రిప్ట్ సరిపోతుంది. రాయడం రాకపోతే సర్క్యూట్ బోర్డుల కోసం ఎత్తుపల్లాలు కొలిచే సౌకర్యం క్యాండిల్, బీసీఎన్‌సీ అనే సెండర్లలో ఉంది, పెద్ద ఎడానికి దాన్నే వాడుకోవచ్చు.

దిగే వేగం నిమిషానికి 100 మి.మీ. పెట్టండి. గర్బల్ తగిలిన క్షణంలోనే స్థానం రాసుకుంటుంది కాబట్టి వేగం పెంచితే కొలత అంతగా చెడదు, కానీ ఆగే లోపు ప్రోబ్ ఇంకొంత దిగుతుంది. 600 వేగంలో, మెషిన్ త్వరణం 100 మి.మీ./సె² అనుకుంటే, తగిలాక అర మిల్లీమీటరు దిగుతుంది. దానివల్ల స్టైలస్ వంగి, ఎపాక్సీ వదులవుతుంది.

అన్ని వరసలూ ఒకే దిశలో కొలవండి. ఎడమ నుంచి కుడికి కొలిచి, లేచి, ఖాళీగా వెనక్కి వచ్చి, మళ్లీ ఎడమ నుంచి కుడికి. పోతూ ఒక వరస, వస్తూ ఒక వరస కొలిస్తే సమయం కలిసొస్తుంది నిజమే, కానీ 3018 స్క్రూలలో కొంచెం బ్యాక్‌లాష్ (దిశ మారినప్పుడు స్క్రూకూ నట్టుకూ మధ్య వదులు) ఉంటుంది, వరసలు ఒకటి విడిచి ఒకటి పక్కకు జరిగి రేకు అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. చెక్కేటప్పుడూ అదే దిశలో చెక్కితే బ్యాక్‌లాష్ కూడా చాలావరకు కొట్టేసుకుంటుంది.

కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. 8 గంటల పనిని ఒకే ఫైలుగా పెట్టుకోవద్దు. 20 మి.మీ. పట్టీలుగా విడగొట్టి, ప్రతి పట్టీకి ఒక ఫైలు చేయండి. ఆ స్టీలు గుండు ఇందుకే. మీ మెషిన్‌కు లిమిట్ స్విచ్‌లు (చివర చేరినట్టు చెప్పే స్విచ్‌లు) లేకపోతే కరెంటు పోయి వచ్చాక ఎక్కడున్నామో దానికి తెలియదు. గుండును నాలుగు పక్కలా, పైనా ప్రోబ్‌తో తాకి మధ్య కనుక్కుంటే మళ్లీ అదే సున్నా దొరుకుతుంది. లాప్‌టాప్‌లో స్లీప్ తీసేయండి, విండోస్ అప్‌డేట్ ఆపండి.

స్కాన్ అయ్యాక పాయింట్లను క్లౌడ్‌కంపేర్‌లో తెరిచి చూడండి, అది ఉచితం. కొన్ని పాయింట్లు గాల్లోకి ముల్లులా లేచి ఉంటాయి. వైరులో నాయిస్ వచ్చి, తగలకుండానే తగిలినట్టు రాసుకున్నవి అవి. షీల్డ్ ఉన్న వైరు వాడి, పిన్ను దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే చాలావరకు పోతాయి. మిగిలినవాటిని చుట్టుపక్కల పాయింట్ల సగటుకు దించేయొచ్చు. ఎత్తుగా వచ్చిన తప్పు గురించి టెన్షన్ అక్కర్లేదు, చెక్క మీద చిన్న బొడిపెలా మిగులుతుంది, ఉలితో పోతుంది. లోతుగా వచ్చిన తప్పుకు మాత్రం భయపడండి, అది గుంట తవ్వేస్తుంది, గుంటను పూడ్చే ఉలి లేదు. బాగా నిటారుగా ఉన్న చోట బాల్ తగిలీ తగలకుండా జారి కిందికి వెళ్లినప్పుడు అలాంటివి వస్తాయి. 60 డిగ్రీలు దాటిన వాలుల దగ్గర పాయింట్లను ఒక్కొక్కటిగా చూడండి.

సాఫ్ట్‌వేర్‌లో ఉపరితలం కావాలంటే, అంటే సైజు మార్చాలంటేనో వేరే బిట్టుతో కోయాలంటేనో, బాల్ ప్రభావాన్ని లెక్కకట్టి తీసేయాలి. పాయింట్లన్నీ చదరపు గళ్లలో ఉన్నాయి కాబట్టి పైథాన్ సైపై లైబ్రరీలోని గ్రే ఎరోజన్ అనే ఫంక్షన్‌కు బాల్ ఆకారం ఇస్తే ఆ పని చేస్తుంది, కాకపోతే 1 మి.మీ. ఎడం దానికి చాలదు, 0.5 కావాలి. హైట్‌మ్యాప్ బొమ్మగా (ఎత్తులను నలుపు తెలుపు ఛాయలుగా చూపేది) దాచుకునేట్టయితే 16 బిట్‌లోనే దాచండి. 8 బిట్‌లో 256 మెట్లే ఉంటాయి. మీ 8 మి.మీ.కి ఫర్వాలేదు, 20 మి.మీ. లోతుకు మాత్రం మెట్టుకు 0.08 మి.మీ. పడి, నున్నటి వాలు మీద గీతలు కనిపిస్తాయి.

మీకు అదేదీ అక్కర్లేదు. పాయింట్లనే జి1 (చెప్పిన వేగంతో కోస్తూ జరిగే ఆదేశం) లైన్లుగా రాసేయండి. అన్నిటికన్నా ఎత్తయిన పాయింటు సున్నా అయ్యేలా జెడ్‌ను సవరించి, కొత్త టేకు పైతలాన్ని సున్నా పెట్టుకోండి. ఒకేసారి 8 మి.మీ. దిగితే 3018 మోటారు నిలబడదు. అదే ఫైలును జెడ్ సున్నా 6.5 మి.మీ. పైన పెట్టి ఒకసారి, 5 పైన పెట్టి ఒకసారి, అలా 1.5 చొప్పున దించుకుంటూ నడపండి. పైసారుల్లో బిట్టు చాలాసేపు గాల్లోనే తిరుగుతుంది, తిరగనివ్వండి. ఒక్కో సారికి దారి పొడవు దగ్గర దగ్గర 14.5 మీటర్లు, నిమిషానికి 600 వేగంలో 24 నిమిషాలు, ఆరుసార్లకు రెండున్నర గంటలు. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, బిట్టు అంచును త్వరగా తినేస్తుంది, కాబట్టి కార్బైడ్ బిట్టు వాడండి, చివరి సారికి కొత్తది పెట్టండి.

ఇవన్నీ పద్మం మీద మొదలుపెట్టకుండా, ముందు ఒక స్టీలు గరిటె వెనకభాగాన్ని 40 మి.మీ. చదరంలో 2 మి.మీ. ఎడంతో స్కాన్ చేయండి. 441 పాయింట్లు, పావుగంట పని. గరిటె నున్నగా ఉంటుంది కాబట్టి తప్పు పాయింటు ఒక్కటున్నా కంటికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. శుభ్రంగా వస్తే పద్మం బిగించండి. ముళ్లు వస్తే ముందు వైరు, కెపాసిటర్ చూడండి, మెట్లు వస్తే స్క్రూ నట్లు చూడండి, ప్రోబ్ మార్చాలా అన్నది ఆ తరవాత.